పాత్రనీ సంఘర్షణనీ లోతుగా చదవడం ఎలా? క్లాసిక్ సాహిత్య పాఠకులకు సమగ్ర మార్గదర్శి

కర్ణుడు ఎలాంటివాడు అని అడిగితే చాలామంది తడుముకోకుండా చెప్పే జవాబు ఒకటుంది: దానశీలి, స్నేహానికి ప్రాణమిచ్చేవాడు, దురదృష్టవంతుడు. మూడూ నిజమే. కానీ ఈ మూడు మాటలు చెప్పడానికి భారతం తెరవనక్కర్లేదు. ఎవరో చదివి, తేల్చి, ముద్ర వేసి పెట్టిన మాటలు అవి. పుస్తకం చేతిలో ఉన్నవాడు చెప్పాల్సింది వేరే ఉంది: ఏ సందర్భంలో, ఎవరి ముందు, ఏ మాటతో అతను అలా కనిపించాడు? అలా కనిపించని చోటు కూడా ఉందా?

ఈ వ్యాసం నాటకమో, ఇతిహాసమో, నవలో చదివి దాని గురించి సొంతంగా ఆలోచించాలనుకునేవాళ్ల కోసం. విద్యార్థులకు పనికొస్తుంది, పరీక్షలతో పనిలేని పాఠకులకు ఇంకా ఎక్కువ పనికొస్తుంది. మొత్తం పద్ధతి ఒక నమ్మకం మీద నిలబడి ఉంది. ఒక మనిషికి రెండు కావాల్సి వచ్చి, రెండూ కుదరనప్పుడు ఎటు మొగ్గాడన్నదే పాత్ర. అందుకే పాత్రచిత్రణకి ఒక పేజీ, సంఘర్షణకి ఇంకో పేజీ కేటాయించి నోట్సు రాసుకోవడం దండగ అని నా అభిప్రాయం. రెండూ ఒకే చోట దొరుకుతాయి. ఆ చోటు ఎక్కడుందో పట్టుకోవడమే అసలు పని.

1. మొదటిసారి ఊరికే చదవండి

పెన్సిల్ పక్కన పెట్టేసి, కథ కోసం మొత్తం ఒకసారి చదివేయండి. అర్థం కాని పదాల దగ్గర ఆగొద్దు. ముందుమాట కూడా ఇప్పుడు వద్దు. పేరున్న పుస్తకాల ముందుమాటలు రాసేవాళ్లు చాలావరకు ముగింపుతో సహా చెప్పేస్తారు, పైగా ఎవర్ని ఇష్టపడాలో కూడా నిర్ణయించేస్తారు. అది చివర్లో చదివితే వాళ్లతో వాదించుకోవచ్చు, అందులో మజా ఉంది.

చదవడం అయ్యాక పుస్తకం మూసి, గుర్తున్న రెండు మూడు సన్నివేశాల పేర్లు మాత్రం రాసుకోండి. ఎందుకు గుర్తున్నాయో ఇప్పుడే చెప్పనక్కర్లేదు.

2. రెండు పేజీలకి మించని భాగాన్ని ఎంచుకోండి

లోతుగా చదవడం అనేది నాలుగు వందల పేజీల మీద జరిగే పని కాదు. ఒక సంభాషణ, ఒక స్వగతం, ఒక ఉత్తరం, అంతే. ఏది ఎంచుకోవాలన్నదే చాలామందికి టెన్షన్. సాధారణంగా అందరూ పెద్ద సంఘటనల వైపు వెళ్తారు: హత్య, యుద్ధం, పెళ్లి, మరణం. అక్కడ జరగాల్సింది అప్పటికే నిర్ణయమైపోయి ఉంటుంది. దానికి కాస్త ముందు పేజీలు తిరగేయండి. ఒక మనిషి ఒక మాట మీద ఉండి, పేజీ చివరికి ఇంకో మాట మీదకి వచ్చిన చోటు మంచిది. ప్రశ్న అడిగితే జవాబు రాని చోటు ఇంకా మంచిది. ఇద్దరు మాట్లాడుకుంటుండగా ఒకరికి తెలిసిన సంగతి ఇంకొకరికి తెలియకపోతే, ఆ భాగాన్ని అస్సలు వదలొద్దు.

ఎంచుకున్నాక ఆ భాగాన్ని ఒకసారి పైకి చదవండి. వీలైతే చేత్తో రాసుకోండి. కళ్లతో చదివేటప్పుడు జారిపోయే చిన్న మాటలు, అంటే ‘అయినా’, ‘సరే’, ‘మరి’ లాంటివి, రాసేటప్పుడు చేతికి తగులుతాయి. మనసు మారిన గుర్తులు ఎక్కువగా ఉండేది వాటిలోనే.

3. ఎవరితో మాట్లాడుతున్నారో చూడండి

మనిషి మాట వినేవాణ్ణి బట్టి మారుతుంది. అందుకని ఒక పాత్ర మాటల్ని వరసగా కాకుండా, వినేవాళ్లను బట్టి విడదీసి చదవండి. దీనికి గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’లో గిరీశాన్ని మించిన ఉదాహరణ తెలుగులో లేదు.

నాటకం తెరుచుకునేసరికి గిరీశం ఒంటరిగా ఉంటాడు. పూటకూళ్లమ్మ దగ్గర సామాన్లకని తీసుకున్న డబ్బు ఖర్చుపెట్టేశాడు, ఇక ఊళ్లో ఉంటే లాభం లేదు. ఇది మనకి అతనే చెప్తాడు. అంటే మొదటి నిమిషం నుంచీ అతని అసలు సంగతి మనకి తెలుసు, మిగతా పాత్రలకి తెలియదు. ఆ తర్వాత శిష్యుడు వెంకటేశం ముందు ఇంగ్లీషు మాటల ధాటి, తనతో మాట్లాడ్డమే ఒక ఎడ్యుకేషన్ అనే దర్జా. అగ్రహారంలో కోర్టు వ్యాజ్యాల పిచ్చి ఉన్న అగ్నిహోత్రావధాన్లు దగ్గర ఆ కాగితాల్లో సాయం చేసే మంచి కుర్రాడు. ఆయన కూతురు, బాల వితంతువు బుచ్చమ్మ దగ్గరకొచ్చేసరికి వితంతు వివాహం గురించి మాట్లాడే ఉదారుడు. వకీలు సౌజన్యారావు పంతులు ముందు సంస్కర్త.

ఇక్కడ మీరు చేయాల్సిన పని: ఒక కాగితం మీద వినేవాళ్ల పేర్లు వరసగా రాసి, ప్రతి పేరు పక్కన మూడు సంగతులు నమోదు చేయండి. ఏ భాషలో, ఏ స్థాయిలో మాట్లాడాడు? వినేవాడికి ఏది ఇష్టమో అది ఇచ్చాడా? ప్రతిగా తనకేం కావాలి? గిరీశం విషయంలో ఈ పట్టిక పూర్తయ్యేసరికి ‘మోసగాడు’ అనే మాట చాలదని తెలుస్తుంది. మోసగాళ్లు చాలామందే ఉంటారు నాటకంలో. రామప్పంతులూ ఆ బాపతే. గిరీశానిది ప్రత్యేకమైన తెలివి: ఎదుటివాడికి ఏది లోటో క్షణంలో కనిపెట్టి, ఆ లోటుని మాటతో నింపేస్తాడు. వెంకటేశానికి గొప్పలు, అవధాన్లుకి కోర్టు, బుచ్చమ్మకి ఆశ.

అందుకే చివర్లో సౌజన్యారావు పంతులు బుచ్చమ్మని పూనాలోని వితంతు శరణాలయానికి పంపాలని తేల్చినప్పుడు గిరీశం అనే మాట అంత పదునుగా తగులుతుంది: ‘డామిట్! కథ అడ్డంగా తిరిగింది.’ తప్పు చేశానని అనడు, బుచ్చమ్మ ఏమైపోతుందని అనడు. కథ అంటాడు. ఇన్నాళ్లూ తను నడుపుతున్నది కథేనని, ఇప్పుడది చెయ్యిజారిందని మాత్రమే అతని బాధ. నాటకం మొత్తం చదివి ఈ ఒక్క మాట దగ్గర ఆగితే, అతనికి పశ్చాత్తాపం వచ్చిందా లేదా అన్న చర్చకి జవాబు అక్కడే దొరుకుతుంది.

పిలుపుల్ని కూడా గమనించండి. నువ్వు నుంచి మీరుకి, పేరు నుంచి వరసకి, వరస నుంచి బిరుదుకి మారిన ప్రతిచోటా ఏదో జరిగినట్టే లెక్క. మన భాషలో ఇది దాచడం కష్టం. నటులు కూడా ముందు చూసుకునేది ఇదే.

4. ఒకే నిర్ణయం, రెండు సంభాషణలు: కర్ణుణ్ణి చదివి చూద్దాం

ఇప్పటిదాకా చెప్పినదాన్ని ఒక చోట దగ్గరగా చేసి చూపిస్తాను. వ్యాసభారతం ఉద్యోగపర్వంలో కర్ణుడికి తన పుట్టుక గురించి వెంటవెంటనే రెండు సంభాషణలు ఎదురవుతాయి. ఒకటి కృష్ణుడితో, ఇంకొకటి కుంతితో. ఇద్దరూ అడిగేది ఒకటే: నువ్వు పాండవుల్లో పెద్దవాడివి, ఇటు వచ్చేయ్. ఇద్దరికీ అతను చెప్పేది కూడా ఒకటే: రాను. అయినా రెండు సంభాషణలు ఎంత వేరుగా ఉంటాయో చూడండి.

రాయబారం విఫలమై హస్తినాపురం వదిలి వెళ్తూ కృష్ణుడు కర్ణుణ్ణి రథం మీద ఎక్కించుకుంటాడు. రాజ్యం నీదే అంటాడు. ధర్మరాజు వింజామర వీస్తాడు, భీముడు గొడుగు పడతాడు, అర్జునుడు రథం తోలతాడు అని ఆశ చూపిస్తాడు. కర్ణుడు ఆశ్చర్యపోడు. నాకు తెలుసు అంటాడు. ఆ తర్వాత అతను చెప్పే కారణాల వరసని గమనించండి. మొదట రాధ, అధిరథుడు: నన్ను చూడగానే ప్రేమతో ఆమెకి పాలు వచ్చాయి, ఆయన నాకు జాతకర్మ చేయించాడు, పేరు పెట్టించాడు, పెళ్లిళ్లు చేశాడు. దుర్యోధనుడు ఆ తర్వాత వస్తాడు. స్నేహం కోసం ప్రాణమిచ్చినవాడనే మన ముద్రకి ఇది చిన్న దెబ్బ. అతని నోట ముందు వచ్చింది స్నేహం కాదు, పెంపకం.

తర్వాత అతను ఒక కోరిక కోరతాడు. ఈ సంగతి ధర్మరాజుకి చెప్పొద్దు. చెప్తే అతను రాజ్యం నాకే ఇస్తాడు, నేను తీసుకెళ్లి దుర్యోధనుడికి ఇచ్చేస్తాను. ధర్మరాజే రాజుగా ఉండాలి. ఎదుటి పక్షం గెలవాలని ఇంత స్పష్టంగా అనుకుంటూ ఈ పక్షాన పోరాడతానంటున్నాడు! పైగా దుర్యోధనుణ్ణి సంతోషపెట్టడానికి పాండవుల్ని కటువుగా మాట్లాడానని, ఆ పనికి ఇప్పుడు బాధపడుతున్నానని కూడా ఒప్పుకుంటాడు. సభలో ద్రౌపది విషయంలో అతను మాట్లాడిన తీరు గుర్తున్న పాఠకుడికి ఈ ఒప్పుకోలు చిన్న విషయం కాదు. రాబోయే యుద్ధాన్ని ఒక యజ్ఞంగా వర్ణిస్తాడు, తన చావు కూడా అందులో భాగంగానే. ఎక్కడా గొంతు పెరగదు. చివరికి కృష్ణుణ్ణి కౌగిలించుకుని దిగిపోతాడు.

ఇప్పుడు గంగ ఒడ్డు. కర్ణుడు తూర్పు ముఖంగా చేతులు పైకెత్తి జపం చేస్తున్నాడు. కుంతి వెనక నిలబడి, అతని ఉత్తరీయం నీడలో ఎదురుచూస్తోంది. జపం ముగించి వెనక్కి తిరిగిన కర్ణుడి మొదటి మాట: రాధకీ అధిరథుడికీ కొడుకునైన కర్ణుణ్ణి, నమస్కరిస్తున్నాను, ఏం పని మీద వచ్చావు?

ఇక్కడ ఆగండి. ఎదురుగా ఉన్నది తన తల్లి అని అతనికి తెలుసు. కృష్ణుడితో మాటలు అప్పటికే అయిపోయాయి. అయినా తల్లి ముందు ఇంకో తల్లి పేరు చెప్పి పరిచయం చేసుకున్నాడు. పైకి చూస్తే మర్యాద, నమస్కారం కూడా ఉంది. కానీ ఆమె నోరు తెరవకముందే జవాబు చెప్పేశాడు. ఆమె మొదటి వాక్యమూ దానికి బదులే: నువ్వు రాధ కొడుకువి కాదు, కుంతి కొడుకువి.

ఆ తర్వాత, కృష్ణుడి దగ్గర పెరగని గొంతు ఇక్కడ పెరుగుతుంది. నన్ను పారేశావు, శత్రువు కూడా ఇంతకంటే కీడు చేయలేడు, తల్లిగా నా మేలు ఎప్పుడూ చూడలేదు, ఇప్పుడు నీ మేలు కోసం వచ్చావు. ఈ మాటలు కృష్ణుడితో అనగలిగేవే. అక్కడ తనను వదిలేసిన సంగతి ఒక్క వాక్యంలో దాటేశాడు. కోపం చేరాల్సిన మనిషి కోసం దాచుకున్నాడనిపిస్తుంది.

అంత తిట్టాక అతను చేసేది మళ్లీ ఊహించని పని. నువ్వు వచ్చినందుకు వట్టి చేతులతో పంపను అంటాడు. అర్జునుణ్ణి తప్ప మిగతా నలుగుర్నీ చంపను. నేను పోయినా, అర్జునుడు పోయినా నీకు కొడుకులు అయిదుగురే మిగులుతారు. దానశీలి అనే ముద్ర ఇక్కడ సరిపోతుందని అనిపించొచ్చు, సరిపోతుంది కూడా. కానీ ఆ లెక్కని ఇంకోసారి చూడండి. అయిదుగురు మిగలాలంటే కుంతి కర్ణుణ్ణి కూడా లెక్కలో వేసుకోవాలి. నేను నీ కొడుకుని కాదంటూ మొదలుపెట్టిన మనిషి, చివరి వాక్యంలో తనని ఆమె కొడుకుల్లో కలిపేసుకున్నాడు. సంభాషణలో కదలిక అంతా ఆ మొదటి వాక్యానికీ ఈ చివరి వాక్యానికీ మధ్య ఉంది. నిర్ణయం మారలేదు, మనిషి మారాడు.

ఇదంతా చెప్పడానికి నాకు కావాల్సి వచ్చినవి: ఏది ముందు చెప్పాడు, ఏది ఎవరితో చెప్పలేదు, మొదటి వాక్యం, చివరి వాక్యం. అంతే. మీరు ఏ పుస్తకానికైనా ఈ నాలుగు వాడుకోవచ్చు. తిక్కన తెలుగు చేసిన ఉద్యోగపర్వం మీ దగ్గర ఉంటే ఈ రెండు ఘట్టాలూ తీసి, సంస్కృత మూలం అనువాదంతో పక్కపక్కన పెట్టి చూడండి. కవి ఏది పెంచాడు, ఏది తగ్గించాడు అన్నది గమనిస్తే ఆయన కర్ణుణ్ణి ఎలా చూశాడో తెలుస్తుంది.

5. సంఘర్షణని ఒక్క వాక్యంలో రాయండి

చాలా పాఠ్యపుస్తకాల్లో సంఘర్షణని రకాలుగా విడగొడతారు: మనిషికీ మనిషికీ, మనిషికీ సమాజానికీ, మనిషికీ ప్రకృతికీ, మనిషికీ తన మనసుకీ. తప్పేం లేదు గానీ పెద్ద ఉపయోగమూ లేదు. ఏ గొప్ప రచన తీసుకున్నా నాలుగింట్లో మూడు ఒకేసారి ఉంటాయి. పెట్టెలో పడేశాక ఆలోచన ఆగిపోతుంది.

దాని బదులు ఇలా రాయండి: ‘ఫలానావారికి ఇది కావాలి, అది కూడా కావాలి, ఇది పొందితే అది పోతుంది.’ ఈ మూడు ముక్కలూ నిండకపోతే మీరు పట్టుకున్నది గొడవ మాత్రమే. గొడవలో ఇద్దరు అరుచుకుంటారు, ఒకరు గెలుస్తారు. సంఘర్షణలో గెలిచినవాడికీ ఏదో పోతుంది.

సోఫోక్లీస్ రాసిన గ్రీకు నాటకం ‘యాంటిగనీ’ క్రీ.పూ. 5వ శతాబ్దం నాటిది. ఊరి మీదకి సైన్యంతో వచ్చి చనిపోయిన అన్న శవాన్ని పూడ్చకూడదని రాజు క్రేయాన్ ఆజ్ఞ. చెల్లెలు యాంటిగనీ ఆ ఆజ్ఞని ధిక్కరించి మట్టి చల్లుతుంది. పైపైన చదివితే మంచి అమ్మాయి, చెడ్డ రాజు. జర్మన్ తత్త్వవేత్త హెగెల్ దీన్ని వేరేగా చదివాడు: ఇద్దరి పక్షానా న్యాయం ఉంది, కానీ ఎవరి న్యాయం వాళ్లకి పూర్తిగా కనిపించి ఎదుటివాళ్లది అస్సలు కనిపించలేదు, విషాదం అక్కడ పుట్టింది. హెగెల్‌తో ఏకీభవించక్కర్లేదు. కానీ రెండో పక్షం కోసం కూడా ఒక వాక్యం రాసి చూడమనే సలహాగా తీసుకుంటే చాలా లాభం. క్రేయాన్‌కి అప్పుడే యుద్ధం నుంచి బయటపడ్డ రాజ్యాన్ని నిలబెట్టుకోవాలి. కొడుకూ కావాలి, ఆ కొడుక్కి కాబోయే భార్యే యాంటిగనీ. ఆజ్ఞ వెనక్కి తీసుకుంటే మొదటిది పోతుందని భయపడ్డాడు. తీసుకోవడంలో ఆలస్యం చేసి రెండోది పోగొట్టుకున్నాడు, భార్యతో సహా. ఈ వాక్యం రాశాక అతను దుర్మార్గుడనిపించడం మానేస్తాడని కాదు. దుర్మార్గానికి ఒక రూపం వస్తుంది.

కొన్నిసార్లు సంఘర్షణ మౌనంలో ఉంటుంది. సభాపర్వంలో ద్రౌపది తనని పిలవడానికి వచ్చిన దూత ప్రాతికామిని వెనక్కి పంపి ఒక ప్రశ్న అడిగిస్తుంది: ధర్మరాజు ముందు తనని తాను ఓడాడా, నన్ను ఓడాడా? తనని తాను ఓడినవాడికి నన్ను పణంగా పెట్టే హక్కు ఉందా అన్నది ఆ ప్రశ్నలో దాగి ఉంది. ధర్మం సూక్ష్మమని, తేల్చి చెప్పలేనని భీష్ముడు అంటాడు. పెద్దవాళ్లు తలలు దించుకుంటారు. దుర్యోధనుడి తమ్ముడు వికర్ణుడు, వయసులో చిన్నవాడు, లేచి మాట్లాడతాడు. ఇలాంటి చోట మాట్లాడినవాళ్ల వాక్యాలతో సరిపెట్టుకోకండి. సభలో ఉండి మాట్లాడని ప్రతి మనిషికీ ఆ మూడు ముక్కల వాక్యం రాయండి. భీష్ముడికి ఏది కావాలి, ఏది పోతుందని నోరు మూసుకున్నాడు?

6. ప్రశ్న మారిన చోటు పట్టుకోండి

సంఘర్షణ ఎక్కడ తేలిపోయిందో చెప్పడం అనుకున్నంత సులువు కాదు. పాత్రలు ‘ఇదిగో నేను నిర్ణయించుకున్నాను’ అని చెప్పరు. చెప్పినా అది చాలాసార్లు నిజం కాదు.

షేక్‌స్పియర్ ‘మాక్‌బెత్’ మొదటి అంకం ఏడో రంగం చూడండి. రాజు డంకన్ ఆ రాత్రి మాక్‌బెత్ ఇంట్లో అతిథి. మాక్‌బెత్ ఒంటరిగా ఆలోచిస్తాడు. చంపకూడదనడానికి కారణాలు వరసగా చెప్పుకుంటాడు: నేను బంధువుని, కొలువులో ఉన్నవాణ్ణి, ఆతిథ్యమిచ్చినవాణ్ణి, పైగా ఆయన మంచి రాజు. చంపడానికి ఉన్న కారణం ఒక్క ఆశ. భార్య రాగానే, ఈ పని ఇక ముందుకు తీసుకెళ్లొద్దని తేల్చి చెప్తాడు. నిర్ణయం అయిపోయినట్టే కదా?

కానీ భార్యకి చెప్పిన కారణం వేరు. రాజు ఈమధ్యే గౌరవించాడు, జనంలో మంచి పేరు వచ్చింది, దాన్ని అప్పుడే పారేసుకోవడం ఎందుకని. బంధుత్వం, ఆతిథ్యం, రాజు మంచితనం ఊసే లేదు. ఒంటరిగా ఉన్నప్పుడు నీతి గురించి ఆలోచించిన మనిషి, భార్య ఎదుట పరువు గురించి మాట్లాడాడు. ఆమె అతని మగతనాన్ని ఎత్తిపొడుస్తుంది. పరువు మీద నిలబెట్టిన వాదం పరువు మీద పడిన దెబ్బకి ఆగలేదు. కాసేపటికి అతను అడిగే ప్రశ్న: ఒకవేళ విఫలమైతే?

అయిపోయింది. చేయొచ్చా కూడదా అన్న ప్రశ్న, కుదురుతుందా కుదరదా అన్న ప్రశ్నగా మారింది. ఆ తర్వాత ఆమె కాపలావాళ్లకి మద్యం పట్టించే ఉపాయం చెప్పడం, అతను ఒప్పుకోవడం అన్నీ లాంఛనాలే. మీరు చదివే భాగంలో కూడా పాత్ర తనని తాను అడుగుతున్న ప్రశ్న ఏమిటో పేజీ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి రాయండి. రెండూ వేరుగా ఉంటే మధ్యలో ఏ వాక్యం దగ్గర మారిందో గీత గీయండి.

7. పక్కవాళ్ల మాటని నమ్మకండి, పారేయనూ వద్దు

ఒక పాత్ర గురించి మిగతావాళ్లు అనే మాటలు ఆ పాత్ర గురించి కొంత, అన్నవాళ్ల గురించి ఎక్కువ చెప్తాయి. ‘కన్యాశుల్కం’లో వేశ్య మధురవాణి గురించి పెద్దమనుషులు అనే మాటలన్నీ ఏరి ఒక పక్క, ఆమె చేసిన పనులు ఇంకో పక్క రాయండి. ముసలి లుబ్ధావధాన్లతో చిన్నపిల్ల సుబ్బి పెళ్లి తప్పించడానికి సాయపడింది ఎవరు, పరువుగల వేషాల్లో తిరుగుతూ అబద్ధాలు ఆడింది ఎవరు? రెండు వరసలూ ఎక్కడా కలవవు. ఆ తేడానే రచయిత ఉద్దేశం అనుకోవచ్చు.

నవలల్లో కథ చెప్పేవాడి మీద కూడా ఇదే అనుమానం ఉంచండి. ‘నేను’ అని కథ చెప్పేవాడు తన గురించి మంచిగా చెప్పుకుంటున్న ప్రతిచోటా, అదే సంఘటనని ఎదుటివాడు చెప్తే ఎలా ఉంటుందో రెండు వాక్యాల్లో రాసి చూడండి.

8. కాలం గురించి తెలుసుకోండి, అవసరమైనంత వరకే

పాత పుస్తకంలో పాత్రకి ఏ దారులు తెరిచి ఉన్నాయో తెలియకపోతే, ఏది ఎంచుకుందో అర్థం కాదు. బుచ్చమ్మని ‘ఎందుకు అంత సులువుగా నమ్మింది’ అని అడిగేముందు, ఆ రోజుల్లో అగ్రహారంలో బాల వితంతువుకి ఇంకేం మిగిలిందో తెలుసుకోవాలి. ‘కన్యాశుల్కం’ మొదట 1892లో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. ఇప్పుడు మనందరం చదివేది బాగా పెంచి మార్చిన 1909 కూర్పు. ఇలాంటి వివరం కూడా పనికొస్తుంది: రచయిత వెనక్కి వచ్చి ఏ పాత్రకి ఎక్కువ చోటిచ్చాడో చూడొచ్చు.

కానీ కాలం పేరు చెప్పి పాత్రని వదిలేయడం కూడా తప్పే. ‘ఆ రోజుల్లో అంతే’ అన్నమాట చాలా సోమరి మాట. అదే రోజుల్లో, అదే సభలో, వికర్ణుడు లేచాడు కదా.

అనువాదంలో చదువుతుంటే ఒక్క పదం మీద వాదం నిలబెట్టకండి. ఆ పదం అనువాదకుడిది కావచ్చు. వరస, మౌనం, ఎవరు ముందు మాట్లాడారు, ఎవరు బయటికి వెళ్లిపోయారు, ఇవి అనువాదంలో కూడా చాలావరకు నిలుస్తాయి. వాటి మీద ఆధారపడండి.

9. రాసేటప్పుడు

ఒక పేరా ఎలా తేలిపోతుందో, ఎలా నిలబడుతుందో చూపిస్తాను. ‘యాంటిగనీ’లోనే ఆమె చెల్లెలు ఇస్మీనీ ఉంది. తేలిపోయే పేరా ఇలా ఉంటుంది:

‘ఇస్మీనీ పిరికి స్వభావం కలది. అక్కకి సాయం చేయడానికి ఒప్పుకోదు. యాంటిగనీ ధైర్యానికి ఆమె పిరికితనం వ్యతిరేకంగా నిలుస్తుంది. ఈ విధంగా రచయిత రెండు పాత్రలను చక్కగా చిత్రించాడు.’

ఇందులో తప్పు వాక్యం లేదు, పనికొచ్చే వాక్యమూ లేదు. ఇప్పుడు ఇది చూడండి:

‘మొదటి దృశ్యంలో ఇస్మీనీ సాయం చేయనంటుంది. మనం ఆడవాళ్లం, పాలించేవాళ్లతో పోరాడలేం అని కారణం చెప్తుంది. కానీ అక్క పట్టుబడ్డాక, తను చేయని నేరంలో వాటా ఉందని రాజు ముందు తనే ఒప్పుకుంటుంది. చావు తప్పించుకోవడమే ఆమెకి ముఖ్యమైతే ఈ రెండో పని చేయదు. శవాన్ని పూడ్చడానికి రానిది, అక్కతో చావడానికి వచ్చిందంటే, ఆమెకి భయం వేసింది చావు గురించి కాదు, ఒంటరిగా మిగలడం గురించి అనుకోవాలి. యాంటిగనీ ఆ వాటాని ఒప్పుకోకుండా తోసేయడంతో ఆమె భయపడిందే జరిగింది.’

రెండో పేరాలో తీర్పు ఉంది, దానికి ఆధారాలు రెండు దృశ్యాల నుంచి వచ్చాయి, ఆ రెండూ మొదట ఒకదానికొకటి పొసగనట్టు కనిపించాయి. పొసగని రెండు సంగతుల్ని కలిపే వివరణ మీ వ్యాసంలో ఉంటే అది చదవదగ్గ వ్యాసం అవుతుంది. ఆధారాలన్నీ ఒకే వైపు చూపిస్తుంటే మీరు ఇంకా కథ మాత్రమే చెప్తున్నారన్నమాట.

రాయడం పూర్తయ్యాక, మీ తీర్పుకి ఎదురు తిరిగే వాక్యం కోసం పుస్తకంలో వెతకండి. తప్పకుండా ఒకటి దొరుకుతుంది. దాన్ని దాచకుండా వ్యాసంలోకి తెచ్చి, అయినా మీ మాట ఎందుకు నిలుస్తుందో చెప్పండి. నిలవకపోతే తీర్పు మార్చుకోండి. కర్ణుడు కుంతికి మాటివ్వడాన్ని నేను కొడుకుగా లొంగిపోవడంగా చదివాను. ఇంకొకరు, యాచకుడు వస్తే లేదనలేని అతని పాత అలవాటే తల్లి ముందు కూడా పనిచేసింది అనొచ్చు. ఆ వాదానికి బలం ఉంది. అయిదుగురు అన్న లెక్క లేకపోతే నేను అటే మొగ్గేవాణ్ణి.

10. సాధనకి ఒక ఘట్టం

మొదటి ప్రయత్నానికి స్వగతాలకంటే సంభాషణలు మంచివి. ఇద్దరు ఉంటే మాట ఎక్కడ తగిలిందో కనిపిస్తుంది. ‘యాంటిగనీ’లో క్రేయాన్, అతని కొడుకు హేమన్ మధ్య జరిగే వాదన తీసుకోండి. హేమన్ తండ్రి మాట జవదాటనివాడిలా వినయంగా మొదలుపెట్టి, చచ్చినా మళ్లీ నీ కంట పడనని వెళ్లిపోతాడు. వినయం ఏ వాక్యం దగ్గర తెగింది? తెంపింది ఎవరు? కాబోయే భార్య మీద ప్రేమ గురించి అతను నేరుగా ఎంత మాట్లాడాడు, ఊళ్లో జనం ఏమనుకుంటున్నారో ఎంత మాట్లాడాడు? తండ్రి దగ్గర ఏ వాదం చెల్లుతుందని అతను లెక్కేసుకున్నాడు?

ఈ నాలుగు ప్రశ్నలకి జవాబులు ఒక్కొక్కటి రెండు వాక్యాల్లో రాయండి. ప్రతి జవాబు పక్కన ఆధారమైన పంక్తిని చూపించండి. పంక్తి దొరకని జవాబుని కొట్టేసి, ఆ ఘట్టాన్ని మళ్లీ పైకి చదవండి.